'ఘెట్టో'ని తెలుగులో ఏమనాలి? మురికివాడా, వెలివాడా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హిప్‌హాప్ చరిత్ర మీద తీసిన ఒక డాక్యుమెంటరీకి తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తున్నాను. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ వాళ్ల 'ద మెసేజ్' (1982) పాట చివరి చరణంలో, అప్పుడే పుట్టిన బిడ్డ గురించి చెబుతూ, నువ్వు ఘెట్టోలో పెరుగుతావు అనే పాదం ఒకటుంది. నాకు వెంటనే తట్టింది 'మురికివాడ'. రాసేశాను గానీ మనసొప్పడం లేదు. పెద్దలెవరైనా చెప్పగలరా?

జవాబు:
మనసొప్పకపోవడమే మంచిదైందండి. మురికివాడ అన్న మాట కంటికి కనబడేది చెప్పి ఊరుకుంటుంది. ఆ మనుషుల్ని అక్కడికి ఎవరు నెట్టారో చెప్పదు. చదివేవాళ్లకి ఆ మురికి అక్కడి వాళ్ల అలవాటేమో అనిపిస్తుంది.

ఘెట్టో అసలు పుట్టిందే ఒక ఆజ్ఞతో. 1516లో వెనిస్ పాలకులు యూదులంతా ఒక్కచోటే ఉండాలన్నారు, రాత్రయితే గేట్లకు తాళాలు వేయించారు. అమెరికాలో తాళాలు వేయలేదు, పటాలు గీశారు. 1930లలో ఇళ్ల అప్పులు చూసే ఒక ఫెడరల్ సంస్థ నగరాల్లోని పేటలకు నాలుగు రంగులు వేసింది. ఆకుపచ్చ అంటే ధైర్యంగా అప్పు ఇవ్వొచ్చు. ఎరుపు అంటే ఇస్తే మునిగినట్టే. నల్లజాతి వాళ్లుండే పేటలు దాదాపు అన్నీ ఎరుపే. దాన్నే రెడ్‌లైనింగ్ అంటారు. అప్పు పుట్టదు కాబట్టి ఇల్లు కొనలేరు, ఉన్న ఇల్లు బాగుచేసుకోలేరు. అదే కాలంలో తెల్లవాళ్లు ప్రభుత్వ హామీతో అప్పులు తెచ్చుకుని శివార్లలో కొత్త ఇళ్లు కట్టుకున్నారు.

ఇక హిప్‌హాప్ పుట్టిన చోటు, న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ సంగతి. 1948లో నగర నిర్మాణాలు చూసే అధికారి రాబర్ట్ మోజెస్ మొదలుపెట్టించిన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే జనం కాపురముంటున్న పేటల మీదుగానే పోయింది, వేల కుటుంబాలు ఇళ్లు వదిలిపోయాయి. 1970లలో బీమా డబ్బు కోసం ఓనర్లే తగలబెట్టించిన బిల్డింగులెన్నో. సరిగ్గా అప్పుడే నగరపాలకులు పొదుపు పేరుతో ఫైర్ స్టేషన్లు మూసేశారు. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు అపార్ట్‌మెంట్ హాల్లో చెల్లెలు సిండీ పెట్టిన పార్టీకి, జమైకా నుంచి వచ్చిన డీజే కూల్ హెర్క్ రికార్డులు వేశాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునేది దాన్నే. ఆ బిల్డింగు పక్కనుంచే హైవే పోతుంది.

ఇంత చేసి పెట్టిన చోటుని 'వెలివాడ' అనాలి. వెలి అన్నామంటే, వేసిందెవరు అన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది.

వ్యాఖ్య:
ఒక్క మాట మాస్టారూ. ఆ పాట మొదలే మురికితో కదా? ఎక్కడ చూసినా గాజు పెంకులు, మెట్ల మీద మూత్రం, ముందు గదిలో ఎలుకలు, వెనక బొద్దింకలు. పాడినవాళ్లే దాచనిది మనం దాచడమెందుకు?

జవాబు:
దాచమనడం లేదండి. ఆ కంపు గురించి చెప్పాక వెంటనే ఏమంటాడో వినండి: ఇక్కణ్ణుంచి ఖాళీ చేసి పోదామంటే డబ్బుల్లేవు. మురికి కనిపిస్తుంది, దాంట్లోంచి బయటికి దారి లేదన్న సంగతీ కనిపిస్తుంది. పాట అయిపోయాక రికార్డు చివర్లో చిన్న సంభాషణ ఉంటుంది. కుర్రాళ్లు వీధి మలుపులో నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటారు. పోలీసు కారు వచ్చి ఆగుతుంది. ఏ తప్పూ లేకుండానే అందర్నీ ఎక్కించుకుపోతారు. ఆ ముక్క వినకుండా ఈ పాటను అనువదించకూడదు. అంతకుముందు వచ్చిన ర్యాప్ రికార్డులు ఎక్కువగా పార్టీ పాటలే. డాన్సుకి వచ్చినవాళ్లకి ఈ కష్టాలెందుకని గ్రూపులో వాళ్లే మొదట వెనకాడారు. రికార్డు కంపెనీ షుగర్‌హిల్ రికార్డ్స్ నడిపే సిల్వియా రాబిన్సన్ పట్టుబట్టడం వల్లే ఇది రికార్డయింది.

వ్యాఖ్య:
నేను పుట్టింది ఊరవతల పేటలోనే, అందుకే అడ్డు చెబుతున్నాను. వెలివాడ మా మాట. దాంట్లో అంటరానితనం ఉంది. బ్రాంక్స్‌లో ఒకప్పుడు యూదులు, ఐరిష్ వాళ్లు, ఇటలీ వాళ్లు ఉన్నారు, డబ్బు చేతికొచ్చాక వెళ్లిపోయారు. మా వాడలో ఇంకో కులం వచ్చి నాలుగేళ్లుండి పోవడం అన్నది లేదు. రంగు వేరు, కులం వేరు. అందరి బాధకీ మా మాటే వాడేస్తే అది పలచబడిపోతుంది.

జవాబు:
అమ్మా, మీరన్న తేడా నిజం. దాన్ని చెరపకూడదు. అయితే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది బయటివాళ్లు కాదు. 1946లో అంబేడ్కర్ గారు అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశారు, మా స్థితికీ మీ స్థితికీ ఎంతో పోలిక ఉందని. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పేరు పెట్టుకున్నది అమెరికాలో నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్స్‌ను చూసే. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టళ్లలోంచి గెంటేస్తే, రోహిత్ వేముల, మరో నలుగురు దళిత పరిశోధకులు ఆరుబయట గుడారం వేసుకుని దానికి పెట్టిన పేరు 'వెలివాడ'. ఊరవతల వాడను సూచించే మాటను నగరం మధ్యకి తెచ్చింది ఆ మాట మీద హక్కున్నవాళ్లే. ఆ ధైర్యంతోనే అడుగుతున్నాను. డాక్యుమెంటరీలో చరిత్ర చెప్పే చోటల్లా 'ఘెట్టో' అనే ఉంచమందాం. బిడ్డతో చెప్పే ఆ ఒక్క పాదంలో మాత్రం 'వెలివాడ' పెట్టమందాం. మీరేమంటారు?

వ్యాఖ్య:
ఆ పాదం వరకు ఒప్పుకుంటాను. పుట్టీ పుట్టగానే బతుకు ఎక్కడో రాసిపెట్టి ఉండటం మాకూ తెలుసు. మిగతా చోట్ల వద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు, అలాగే మారుస్తాను. ఇంకో సందేహం. 'హుడ్' అన్నచోట కూడా 'మురికివాడ' అనే రాశాను. అదీ తప్పేనా?

జవాబు:
తప్పేనండి, ఇంకాస్త పెద్ద తప్పు. హుడ్ అన్నది వాళ్లు తమ చోటుని తామే ఆపేక్షగా పిలుచుకునే మాట. 'మా పేట' అనండి. మాట్లాడేది హైదరాబాద్ యాసలో అయితే 'మా బస్తీ' బాగుంటుంది.

వ్యాఖ్య:
మా వైపు 'మా పేటోళ్లు' అంటాం. తనవాళ్లని తలుచుకునే చోటల్లా అదే పెట్టండి, అతికినట్టు సరిపోతుంది.