సిటీలో 8.5 మైలేజ్ అంటే నా టర్బో కారుకి మామూలేనా?

అందరికీ నమస్తే. నాలుగు నెలల క్రితం ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను, 1.2 లీటర్ టర్బో పెట్రోల్, ఆటోమేటిక్. తక్కువ ధరలో స్పోర్ట్స్ కారు అనుభూతి కావాలంటే నా బడ్జెట్‌కి అదే దొరికింది, నడపడం మాత్రం నిజంగా ప్రాణం.

టెన్షన్ అంతా మైలేజ్‌తోనే. ఉండేది బెంగళూరులోని కేఆర్ పురం, ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీ, రోజూ మారతహళ్లి, సిల్క్ బోర్డు మీదుగానే వెళ్లాలి. మీటర్‌లో 9.8 చూపిస్తోంది కానీ దాన్ని నమ్మలేక ఫుల్ ట్యాంక్ కొట్టించి, మళ్లీ ఫుల్ చేయించి లెక్క చూశాను: 289 కిలోమీటర్లకి 34 లీటర్లు, అంటే 8.5. అదే కారు పండక్కి అనంతపురం వెళ్తే, దేవనహళ్లి దాటాక 90లో నిలకడగా పోతే, 15 ఇచ్చింది. అందుకే ఇంజన్ బాగానే ఉందనిపిస్తోంది.

ఏఆర్ఏఐ అంకె (కంపెనీ చెప్పే అధికారిక మైలేజ్) ల్యాబ్‌లో రోలర్ల మీద తీసేది, మన ట్రాఫిక్‌లో అది రాదని తెలుసు. ఇథనాల్‌లో పెట్రోల్ కంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వల్ల కూడా కొంత పోతుంది. టైర్లలో గాలి సరిగానే ఉంది, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. సర్వీసులో అడిగితే "టర్బో అంటే అంతే సార్" అని పంపించేశారు.

ఇలాంటి కారు బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్ మీద రోజూ నడిపేవాళ్లు ఉంటే చెప్పండి, ట్యాంక్ టు ట్యాంక్ లెక్కలో మీకెంత వస్తోంది? స్పార్క్ ప్లగ్‌లు, ఆక్సిజన్ సెన్సర్ చెక్ చేయించాలా, లేక సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపితే చాలా?