టెర్మినేటర్ 2 పాతబడకపోవడానికి గ్రాఫిక్స్ తక్కువ ఉండటమే కారణమా?

పాత రీలు:
ఆదివారం మనవడితో కలిసి టెర్మినేటర్ 2 మళ్లీ చూశాను. 1991 నాటి హాలీవుడ్ సినిమా. వాడు ఫోను పక్కన పడేసి చూశాడు. ఈ మధ్య వచ్చిన ఏ సినిమాకూ మా ఇంట్లో ఆ గౌరవం దక్కలేదు. నా దృష్టిలో కారణం ఒక్కటే. అందులో కంప్యూటర్ బొమ్మలన్నీ కలిపినా ఐదు నిమిషాలకు అటూ ఇటూగా ఉంటాయి. మిగిలినదంతా మనుషులు చేసిందే. ఫ్లైఓవర్ కింద నుంచి హెలికాప్టర్ పోవడం నిజం, లారీ కాలువలోకి పడటం నిజం, దాని వెనకే బైకు దూకడం నిజం. ఇప్పటి హీరోలు ఆకుపచ్చ తెర ముందు చేతులు ఊపి ఇంటికి వెళ్లిపోతున్నారు. కాదనేవారు రండి.

తార్నాక వాసి:
మొదటి భాగం ముందు ఇది దిగదుడుపే. 1984లో దాన్ని సుమారు 64 లక్షల డాలర్లతో తీశారు. దీనికి దాదాపు పది కోట్లు పోశారు.

లెక్కల మాస్టారు:
హెలికాప్టర్ ఫ్లైఓవర్ కింద పట్టదు. రెక్క వెడల్పు చూడండి. బొమ్మ హెలికాప్టరే అయి ఉంటుంది.

పాత రీలు:
చక్ టాంబురో అనే పైలట్ నడిపారు మాస్టారూ. బొమ్మకు పైలట్ ఎందుకు?

రాత్రి డ్యూటీ:
పాత రీలు గారూ, మీరు చెప్పిన మూడింటిలో ఒకటి మీ వాదనకే అడ్డం తిరుగుతోంది. బైకు కాలువలోకి దూకే చోట బండినీ, మనిషినీ తీగలతో వేలాడదీశారు. తర్వాత ఆ తీగలను కంప్యూటర్‌లో చెరిపారు. చెరిపిన ఆనవాలు లేదు కాబట్టే మీకు నిజమనిపించింది. మీ ఐదు నిమిషాల లెక్కలో ఆ పని ఉందా?

ఆ సినిమా గొప్పతనం గ్రాఫిక్స్ తగ్గించడంలో లేదు, ఏది ఎక్కడ వాడాలో తెలియడంలో ఉంది. రూపాలు మార్చే విలన్ ఆసుపత్రిలో గళ్ల గచ్చులోంచి మనిషిలా పైకి లేవడం కంప్యూటర్ పని. ఆ వెంటనే కాపలాదారు ఎదురుగా అతని రూపంలోనే శత్రువు నిలబడతాడు చూడండి, అక్కడ కంప్యూటర్ లేదు, నిజమైన కవలలను పెట్టారు. తూటాలు తగిలినప్పుడు ఛాతీ మీద వెండి పువ్వులు విచ్చుకున్నట్లు కనిపించేది మేకప్, బొమ్మల నిపుణుడు స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన తొడుగు. పైగా అప్పటి కంప్యూటర్లకు మనిషి చర్మం చేతకాదు, మెరిసే లోహం చేతనవును. విలన్‌నే ద్రవలోహంగా పెట్టుకుంటే ఆ లోపం కాస్తా అతని స్వభావమైపోయింది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది అదే.

369:
మన ఆదిత్య 369 కూడా 1991 జులైలోనే వచ్చింది. 2025లో మళ్లీ విడుదలైంది. కాలయంత్రం ఎక్కి రాయలవారి కాలంలో దిగడం అనే ఊహ చాలదా? కంప్యూటర్ గొడవ దేనికి?

లెక్కల మాస్టారు:
పైలట్ పేరు చెబితే రుజువు కాదు. వంతెన ఎత్తెంత, రెక్క ఎంత, అంకెలు పెట్టండి.

పాత రీలు:
తీగ ఉన్నా లేకున్నా దూకింది మనిషే కదా బాబూ. ఎముక విరిగితే విరిగేది అతనిదే. చల్లని గదిలో కూర్చుని గీత చెరపడాన్ని దాని పక్కన నిలబెట్టకు.

రాత్రి డ్యూటీ:
బాబూ అనకండి. నేను ఇక్కడే హైదరాబాద్‌లో ఒక గ్రాఫిక్స్ కంపెనీలో ఆ గీతలు చెరిపే పనే చేస్తాను. ఒక పెద్ద సినిమాకు తెల్లవారుజాము దాకా కూర్చుని హీరో జుట్టు చుట్టూ ఫ్రేము ఫ్రేముకూ అంచు కట్టాం. విడుదలకు ముందు అదే సినిమాకు గ్రాఫిక్స్ ఏమీ లేవని ప్రచారం చేశారు. మా అమ్మ నా పేరు కోసం హాలు ఊడ్చేవాళ్లు వచ్చే దాకా లేవలేదు. పేరు పడలేదు. మా బృందంలో చాలామందికి పడలేదు. మీరు ‘అంతా నిజం’ అని రాస్తే నాకు ఆ పోస్టరే గుర్తొస్తుంది. ఇక నేను చల్లగా కూర్చున్నానంటారా, వచ్చి చూడండి.

తార్నాక వాసి:
సినిమా గురించి మాట్లాడుకుందామా?

పాత రీలు:
ఇది సినిమా గురించే. నేను ఫైటర్‌ని. యూసుఫ్‌గూడలో గది, పొద్దున్నే కృష్ణానగర్‌లో పిలుపు కోసం నిలబడటం. మేడ మీద నుంచి అట్టపెట్టెల మీదికి దూకేవాళ్లం. ఒకసారి పెట్టెలు పక్కకు జరిగాయి, మోకాలు పోయింది. చేతిలో పెట్టిన డబ్బు కట్టుకే సరిపోలేదు. తెర మీద ఆ దూకుడు హీరోది. మీకు పేరు పడలేదన్న బాధ ఉంది, నాకైతే ముఖమే పడలేదు. సరే, తీగలు వచ్చాయి, మీవాళ్లు చెరపడం నేర్చారు. అప్పుడు నిర్మాతలు పెంచింది ఎత్తును, కూలిని కాదు. ఇంకొన్నాళ్లకు కొన్ని దూకుళ్లకు మనిషే అక్కర్లేదన్నారు.

లెక్కల మాస్టారు:
మేడ ఎత్తెంత?

రాత్రి డ్యూటీ:
మీ మోకాలి సంగతి నాకు తెలియదు. కానీ ఆ రోజు తీగ ఉండి ఉంటే మీరు ఇంకా పనిలో ఉండేవారు. ఆ తీగను చెరిపే మనిషి ఉంటేనే దాన్ని కడతారు. ఎత్తు పెంచింది నిర్మాత, కూలి ఎగ్గొట్టింది నిర్మాత, నా పేరు కొట్టేసిందీ నిర్మాతే. మరి కోపం నా మీద ఎందుకు?

పాత రీలు:
నిర్మాత ఈ వేదికలో లేడు కాబట్టి.