మూడో మనిషి చేరగానే వీడియో నల్లబడుతోంది, తంబూర వినపడట్లేదు: జిట్సీలో సంగీతం పాఠాలు చెప్పేవాళ్లు సాయం చేయండి

గోదావరి గట్టు:
అందరికీ నమస్కారం. మా అత్తయ్య రాజమండ్రిలో ఇంటి దగ్గరే కర్ణాటక సంగీతం చెప్తారు. శిష్యుల్లో సగం మంది డాలస్, న్యూజెర్సీ పిల్లలు, మిగతావాళ్లు హైదరాబాద్, మా ఊరు. ఇన్నాళ్లూ జిట్సీ మీట్ అనే ఉచిత వీడియో కాల్ సైట్‌లోనే చెప్పేవారు. 2023 ఆగస్టు నుంచి అక్కడ మీటింగ్ మొదలుపెట్టేవాళ్లు గూగుల్, ఫేస్‌బుక్, గిట్‌హబ్‌లలో ఏదో ఒక ఖాతాతో లాగిన్ అవ్వాలి కదా, అత్తయ్యకి లాగిన్లు అలవాటు లేవు, ఆ పని మొన్నటిదాకా నేనే చూసేవాణ్ణి. జిట్సీ ఓపెన్ సోర్సే, అంటే ఎవరైనా ఉచితంగా తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు కాబట్టి ముంబైలో చిన్న సర్వర్ అద్దెకి తీసుకుని సొంతంగా పెట్టాను. ఇప్పుడు వాట్సాప్‌లో లింక్ నొక్కితే చాలు, బ్రౌజర్‌లో నేరుగా తెరుచుకుంటుంది, యాప్ అక్కర్లేదు.

వచ్చిన చిక్కు ఏంటంటే అత్తయ్య, ఒక పిల్ల, ఇద్దరే ఉన్నప్పుడు అద్దంలా కనిపిస్తుంది. మూడో మనిషి చేరిన మరుక్షణం అందరి వీడియో నల్లగా అయిపోతుంది, మాట కూడా పోతుంది. మూడోవాళ్లు వెళ్లిపోతే మళ్లీ మామూలే! సర్వర్ చిన్నదై చాలట్లేదా?

ఇంకోటి, అత్తయ్యకి దీనిదే ఎక్కువ బాధ. ఆవిడ తంబూర నాదం మోగించే శ్రుతి పెట్టె పెట్టుకుని పాడతారు, అవతలివాళ్లకి తంబూర రెండు మూడు సెకన్లు వినిపించి మాయమైపోతుందట. తార షడ్జం (పై స) మీద కాసేపు నిలబడితే ఆ స్వరం కూడా మధ్యలో తెగుతోందట. నెట్ ఫైబరే, స్పీడ్ బాగానే ఉంది. అందరూ కలిసి సరళీ వరసలు పాడితే గందరగోళం, అది సరే సరి. ఏం మార్చాలో చెప్పండి.

సర్వర్ గది:
సర్వర్ చిన్నదవడం కాదండి, పోర్టు, అంటే సర్వర్‌లోకి డేటా వచ్చే ద్వారం, మూసుకుపోయింది. జిట్సీలో ఇద్దరే ఉన్నప్పుడు సౌండూ వీడియో సర్వర్ దాకా రావు, రెండు బ్రౌజర్లూ నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడేసుకుంటాయి. మూడోవాళ్లు రాగానే అందరి సౌండూ వీడియో వీడియోబ్రిడ్జ్ అనే ప్రోగ్రామ్ మీదుగా వెళ్లాలి, అది యూడీపీ (డేటా పంపే ఒక పద్ధతి, టీసీపీ ఇంకోటి) 10000 పోర్టులో వింటుంది. ఆ పోర్టు మూసి ఉంటే మీరు చెప్పినట్టే అవుతుంది, ఇద్దరికి బాగుంటుంది, ముగ్గురికి చీకటి.

సర్వర్ లోపలి ఫైర్‌వాల్‌లో (ఏ పోర్టు తెరవాలో చూసే కాపలా) తెరిచాను కదా అని ఆగిపోకండి, క్లౌడ్ కంపెనీ కంట్రోల్ ప్యానెల్‌లో ఇంకో ఫైర్‌వాల్ ఉంటుంది, అక్కడా తెరవాలి, అదీ టీసీపీ కాదు, యూడీపీ. రెండూ తెరిచినా రాకపోతే సర్వర్‌కి లోపల ఒక ప్రైవేట్ ఐపీ (నెట్ అడ్రస్), బయటికి ఒక పబ్లిక్ ఐపీ ఉన్నాయేమో చూడండి. బ్రిడ్జ్ లోపలి అడ్రస్‌నే అందరికీ చెప్తూ కూర్చుంటే ఎవరూ దాన్ని చేరలేరు, దాని కాన్ఫిగ్ ఫైల్‌లో పబ్లిక్ ఐపీ రాసి రీస్టార్ట్ చేయాలి.

ముంబైలో పెట్టడం మంచి పని. అమెరికా పిల్లలు ఎక్కువని అక్కడ పెట్టి ఉంటే హైదరాబాద్ పిల్లకి రాజమండ్రి పాట అమెరికా వెళ్లి తిరిగొచ్చేది. డాలస్ పిల్లకి మాత్రం సర్వర్ ఏ చివర ఉన్నా మొత్తం దూరం ఇంచుమించు అంతే.

వీణ పాఠం:
తంబూర సంగతి నేను చెప్తాను, నేను వీణ నేర్పుతాను కాబట్టి ఈ బాధ బాగా తెలుసు. ఇది నెట్ సమస్య కాదమ్మా. వీడియో కాల్ అంటే మాటల కోసం కట్టినది. మారకుండా ఒకే తీరున మోగే శబ్దం వినిపిస్తే బ్రౌజర్ దాన్ని ఫ్యాన్ మోత, ఏసీ మోత కింద లెక్కేసి తీసేస్తుంది. తంబూర సరిగ్గా అలాంటి శబ్దమే కదా! నిలబెట్టిన షడ్జమూ దాని చెవికి అంతే. పైగా మంద్ర స్థాయిలో మెల్లగా పాడినా తార స్థాయిలో గట్టిగా పాడినా శబ్దాన్ని ఒకే ఎత్తుకి లాగేది ఇంకోటి ఉంటుంది, దానివల్ల పాటలో ఎత్తుపల్లాలు పోతాయి.

సర్వర్ మీ చేతిలోనే ఉంది కాబట్టి కాన్ఫిగ్ ఫైల్‌లో ‘డిజేబుల్ ఏపీ’ అనే ఆడియో ప్రాసెసింగ్ సెట్టింగ్‌ని ట్రూ చేయించండి. మోత తీసేది, ఎకో ఆపేది, వాల్యూమ్ సరిచేసేది అన్నీ ఒక్క దెబ్బకి ఆగిపోతాయి. శబ్దాన్ని కుదించి పంపడానికి వాడుతున్న ఓపస్ కోడెక్ సంగీతానికి పనికొచ్చేదే, 20 కిలోహెర్ట్జ్ దాకా మోయగలదు, పాటని పాడుచేసేది దానికి ముందు జరిగే ఈ శుభ్రం చేయడమే. అక్కడే ఆడియో క్వాలిటీ కింద ఓపస్ బిట్‌రేట్ (సెకనుకి పంపే బిట్లు) కూడా ఉంటుంది, 96 వేలు పెట్టినా ఫైబర్‌కి లెక్కలోది కాదు.

కానీ ఎకో ఆపేది ఆగిపోయింది కాబట్టి అందరూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే, ఒక్కళ్లు స్పీకర్‌లో విన్నా వాళ్ల గదిలోంచి మీ అత్తయ్య గొంతు ఆవిడకే తిరిగొస్తుంది. వైరు ఉన్నవే కొనిపించండి. బ్లూటూత్‌వి చాలావరకు మైక్ ఆన్ అవగానే ఫోన్ కాల్ మోడ్‌లోకి దిగిపోతాయి, అప్పుడు ఎంత మంచి పాటైనా రేకు డబ్బాలోంచి వచ్చినట్టే. కొన్ని ఫోన్లలో ఫోన్ సొంతంగా చేసే శుభ్రం ఎలాగూ ఆగదు, అత్తయ్య మటుకు ల్యాప్‌టాప్ వాడితే మేలు.

ఇక కలిసి పాడటం. దాని జోలికి వెళ్లొద్దమ్మా. ఫైబర్‌లో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, డాలస్ దాదాపు 14 వేల కిలోమీటర్లు, అంటే కేబుల్ తిన్నగా ఉన్నా వెళ్లడానికి 70 మిల్లీసెకన్లు, రావడానికి 70. కేబుళ్లు తిన్నగా ఉండవు, బ్రౌజర్ కూడా కొంత ఆపి వినిపిస్తుంది, కలిపి పావు సెకను అనుకోండి. కలిసి పాడేవాళ్ల మధ్య ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటితేనే లయ జారడం మొదలవుతుంది. మూడో కాలంలో (మూడో వేగంలో) క్రియకి, అంటే తాళంలో ఒక దెబ్బకి, నాలుగు స్వరాలు కదా, క్రియ ఒక సెకను అనుకుంటే స్వరానికి పావు సెకను. పిల్ల తాళం తప్పకుండా పాడినా మీ అత్తయ్యకి అచ్చంగా ఒక స్వరం వెనక వినిపిస్తుంది. పాపం ఆ పిల్లని తిట్టకూడదు! ఆవిడ పాడి ఆగాలి, పిల్ల తాళం తనే వేసుకుంటూ పాడాలి, ఆ వేళ ఈవిడ తాళం వేయకూడదు.

శ్రుతికి ఈ ఆలస్యం పట్టదు, అది ఎప్పుడూ ఒకేలా మోగుతుంది కాబట్టి. అందుకని పాడే పిల్ల తన ఇంట్లో తంబూర యాప్ అదే శ్రుతిలో, మైక్‌కి వినపడేలా ఫోన్ స్పీకర్‌లో పెట్టుకోవాలి. స్వరం శ్రుతిలో కలిసిందో లేదో అత్తయ్యకి అప్పుడే తెలుస్తుంది.

డాలస్ నాన్న:
మా అమ్మాయి కూడా ఇలాగే ఇండియా టీచరు గారి దగ్గర నేర్చుకుంటోంది, ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ పొద్దున ఏడు. ఒక్క విషయం చెప్పాలి. ఇక్కడ చాలామంది ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో పిల్లని కూర్చోబెడతారు, కంపెనీ వీపీఎన్ (ఆఫీస్ నెట్‌వర్క్ మీదుగా నడిపే కనెక్షన్) ఆన్‌లోనే ఉంటుంది, అది చాలాసార్లు యూడీపీని ఆపేస్తుంది. 10000 పోర్టు మీరు తెరిచినా వాళ్లకి నల్ల తెరే వస్తుంది. వీపీఎన్ ఆపమనండి, ఆపలేని వాళ్ల కోసం టర్న్ సర్వర్ (మధ్యలో ఉండి డేటా అందించేది) ఒకటి టీసీపీ 443లో పెడితే మామూలు వెబ్‌సైట్ ట్రాఫిక్ పోర్టులోనే వెళ్లిపోతుంది. ఐప్యాడ్‌లో సఫారీ అయితే మాకు ఇబ్బంది రాలేదు.

ఎవరి దగ్గర తెగుతోందో తేలకపోతే క్రోమ్‌లో వెబ్‌ఆర్‌టీసీ ఇంటర్నల్స్ అనే పేజీ వేరే ట్యాబ్‌లో తెరిచి ఉంచండి, ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఎక్కడ పోతున్నాయో గ్రాఫ్‌లో కనిపిస్తుంది.

గోదావరి గట్టు:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సర్వర్ గది గారూ, మీరన్నది నిజమే, కంట్రోల్ ప్యానెల్‌లో 10000 టీసీపీ అని ఉంది, యూడీపీకి మార్చగానే ముగ్గురూ కనిపించారు, నిన్న ఆరుగురితో క్లాస్ నడిచింది. ఆడియో ప్రాసెసింగ్ కూడా తీసేశాను. వీణ పాఠం గారూ, తంబూర మొదటి నుంచి చివరిదాకా వినిపించిందని న్యూజెర్సీ పాప వాళ్లమ్మ ఫోన్ చేసి మరీ చెప్పారు. వీధిలో బండ్ల హారన్లు కూడా అంతే స్పష్టంగా వెళ్తున్నాయి, అత్తయ్య లోపలి గదిలోకి మారాలంటున్నారు. వీపీఎన్ మాట గ్రూపులో పెట్టాను.

ఇంకొక్కటి, పాఠం రికార్డ్ చేసి పిల్లలకి పంపాలంటే జిట్సీ రికార్డింగ్ ప్రోగ్రామ్ జిబ్రీ పెట్టాలా?

సర్వర్ గది:
వద్దండి. జిబ్రీ ఒక్కటి ఒకసారికి ఒక్క మీటింగే రికార్డ్ చేస్తుంది, దానికి విడిగా ఇంకో మెషిన్ కావాలి, మీ ఖర్చు రెట్టింపు. అత్తయ్య పాడినది పిల్లలకి సాధనకి కావాలంటే క్లాస్ అయ్యాక ఫోన్‌లో ఆ రోజు వరస ఒకసారి పాడి వాయిస్ రికార్డర్‌తో తీసి వాట్సాప్‌లో పంపమనండి. నెట్ మీదుగా వచ్చినదాని కంటే అదే శుభ్రంగా ఉంటుంది.