సొంత టీమ్ ఒక్కటి చూస్తే చాలా? కాలేజ్ ఫుట్‌బాల్ అభిమానుల ముందు ఒక ప్రశ్న

నాలుగోడౌన్:

అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఒక రకం అభిమానులు ప్రతిచోటా ఉంటారు. తాము చదివిన యూనివర్సిటీ టీమ్ సంగతైతే మూడో వరస లైన్‌మన్ (ముందు నిలబడి అవతలివాళ్లని అడ్డుకునే ఆటగాడు) బరువుతో సహా చెప్పేస్తారు. పక్క టీమ్ పేరెత్తితే మాత్రం "అది మనకెందుకండీ" అని అక్కడికక్కడే తుంచేస్తారు. అది సరికాదని నా వాదన. ఇతర టీమ్‌ల మీద ప్రేమ పెంచుకోమని నేను అనడం లేదు. సొంత టీమ్ ఏపాటిదో తెలియాలన్నా మిగతావాళ్లని చూడక తప్పదు.

లెక్క చూడండి. పై స్థాయిలో 2025లో 136 టీమ్‌లు ఆడాయి. రెగ్యులర్ సీజన్‌లో ఒక్కో టీమ్‌కి 12 ఆటలు. అంటే పదో వంతు టీమ్‌లతో కూడా తలపడరు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 టీమ్‌లకి 17 ఆటలు ఉంటాయి కాబట్టి అక్కడ గెలుపోటముల పట్టికని చాలావరకు నమ్మొచ్చు. ఇక్కడ 10-2 (పది గెలుపులు, రెండు ఓటములు) అని ఊరికే చెబితే ఏమీ తెలియదు. ఎవరిమీద గెలిచారు, వాళ్లు ఆ తర్వాత ఎవరిని ఓడించారు అని చూస్తేనే దాని విలువ తేలుతుంది.

2007 సెప్టెంబర్ 1న ఐదో ర్యాంకులో ఉన్న మిషిగన్ సొంత మైదానంలో అపలాచియన్ స్టేట్ చేతిలో 34-32తో ఓడింది. వచ్చి ఆడినందుకు ఆ టీమ్‌కి ముట్టజెప్పింది 4 లక్షల డాలర్లు. కింది స్థాయి టీమ్ అన్నది నిజమే. కానీ 2005లోనూ 2006లోనూ తమ స్థాయిలో జాతీయ ఛాంపియన్‌లు వాళ్లే. బంతి అందుకునే రిసీవర్లని మైదానం అడ్డంగా పరిచి, సందు దొరికితే బంతి విసరాల్సిన క్వార్టర్‌బ్యాక్ ఆర్మాంటి ఎడ్వర్డ్స్ తనే బంతి పట్టుకుని పరిగెత్తే స్ప్రెడ్ ఆట వాళ్లది. సరిగ్గా వారానికి ఒరెగన్ కూడా స్ప్రెడ్ ఆటతోనే వచ్చి మిషిగన్‌ని 39-7తో కొట్టింది. మొదటి ఓటమిని దురదృష్టం కింద కొట్టిపారేసినవాళ్లకి రెండోది అయోమయం. అవతలి టీమ్ ఏం ఆడుతోందో చూసినవాళ్లకి రెండింటి వెనకా ఒకటే జబ్బు కనిపించింది.

స్కార్లెట్‌గ్రే:

నాలుగోడౌన్ గారూ, అందరి గురించీ మాట్లాడేవాళ్లకి నిజంగా తెలిసేది స్కోర్లూ ర్యాంకులే. ఆట లోపలి సంగతులు ఒక్క టీమ్‌ని వారం వారం పట్టుకుని కూర్చున్నవాళ్లకే దొరుకుతాయి.

2024 ఒహాయో స్టేట్‌నే తీసుకోండి. అక్టోబర్ 12న ఒరెగన్ ఆటలో లైన్‌లో ఎడమ చివర ఉండే లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్ మోకాలికి దెబ్బ తగిలి సీజన్ ముగిసిపోయింది. బదులు దిగిన జెన్ మిచాల్‌స్కీ నెబ్రాస్కా మీద తడబడ్డాడు, పైగా ఆ ఆటలోనే గాయపడ్డాడు. దాంతో పెన్ స్టేట్ ఆటకి పక్క స్థానంలో ఆడే లెఫ్ట్ గార్డ్ డోనొవన్ జాక్సన్‌ని టాకిల్‌కి జరిపారు. నవంబర్‌లో ప్రాక్టీసులో లైన్ నడుమ ఉండే సెంటర్ సెత్ మెక్‌లాగ్లిన్‌కి మడమ వెనక స్నాయువు తెగింది. గార్డ్‌గా ఆడుతున్న కార్సన్ హిన్జ్‌మన్ సెంటర్‌కి వచ్చాడు. ఐదుగురి లైన్‌లో మూడు స్థానాల్లో మనుషులు మారిపోయారు.

గార్డ్‌కి అటూ ఇటూ తోడు ఉంటారు. టాకిల్‌కి బయటివైపు ఎవరూ ఉండరు, క్వార్టర్‌బ్యాక్ మీదికి చివరనుంచి దూసుకొచ్చే ఎడ్జ్ రషర్‌ని ఒంటరిగా ఆపాలి. వెనక్కి వేసే మొదటి అడుగు దగ్గరనుంచీ పని మారిపోతుంది. సెంటర్ మారితే బంతిని వెనక్కి అందించే స్నాప్‌తో పాటు ఎవరు ఎవరిని ఆపాలో లైన్‌కి చెప్పే గొంతు కూడా మారుతుంది. ఇరవై టీమ్‌లని పైపైన చూసేవాళ్లకి ఇవేవీ కంటికి ఆనవు. ఆటకి మూడున్నర గంటలు పడుతుంది. శనివారం మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాటేదాకా నాలుగు ఆటలు చూస్తే 14 గంటలు. అంత సమయం పెట్టి నాలుగు టీమ్‌ల గురించి సగం సగం తెలుసుకుని ఏం లాభం?

నాలుగోడౌన్:

మీరు చెప్పిన లైన్ కథ అక్షరాలా నిజం. కానీ అందులో సగమే చెప్పారు.

నవంబర్ 30న అదే ఒహాయో స్టేట్ సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడింది. ఆ రోజుకి మిషిగన్ 6-5. సొంత టీమ్ తప్ప చూడనివాళ్లకి ఆ 6-5 ఒక్కటే కనబడింది. మిషిగన్ ఆటలు చూసినవాళ్లకి తెలిసింది వేరు: వాళ్ల పాసింగ్ ఎంత నాసిగా ఉన్నా డిఫెన్స్ మధ్యలో మేసన్ గ్రాహం, కెనెత్ గ్రాంట్ ఉన్నారు. తర్వాతి ఏప్రిల్‌లో ఇద్దరూ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (కాలేజ్ ఆటగాళ్లని వరసగా ఎంచుకోవడం) మొదటి రౌండ్‌లోనే వెళ్లారు, గ్రాహం ఐదో పిక్, గ్రాంట్ పదమూడో పిక్. మీ లైన్‌లో అతుకులు వేసింది ఎక్కడ? మధ్యలో. అవతల అందరికన్నా బలమైనవాళ్లు ఎక్కడ? అదే మధ్యలో. అయినా పరుగులు అటే పెట్టారు, పాయింట్ల కోసం తన్నిన రెండు ఫీల్డ్ గోల్స్ తప్పాయి, అంతే సంగతులు.

మూడు వారాల తర్వాత జాతీయ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌లో టెనెసీ మీద బంతిని బయటికి, రిసీవర్ జెరమయా స్మిత్ వైపు విసిరారు. మొదటి క్వార్టర్ ముగిసేసరికే 21-0, చివరికి 42-17. లైన్‌లో దాదాపు అదే మనుషులు. మీకు తెలిసింది మీ లైన్ ఎక్కడ బలహీనమో. ఏ ప్రత్యర్థి ముందు ఆ బలహీనత కొంప ముంచుతుందో తెలియాలంటే ప్రత్యర్థిని చూసి ఉండాలి.

టెంపే_ఎండ:

బిగ్ 12 అనే కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే టీమ్‌ల కూటమి) 2024 సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 16 టీమ్‌లు, ఒక్కోదానికి కాన్ఫరెన్స్‌లో 9 ఆటలు. ఆఖరికి అరిజోనా స్టేట్, అయోవా స్టేట్, బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ), కొలరాడో నాలుగూ 7-2. ఫైనల్లో చోటు ఇద్దరికే. నలుగురూ ఒకరితో ఒకరు ఆడి ఉంటే ముఖాముఖి ఫలితాలతో తేలిపోయేది, కానీ ఆడలేదు. అలాంటప్పుడు నలుగురికీ ఉమ్మడి ప్రత్యర్థులుగా ఉన్న టీమ్‌ల మీద ఎవరు ఎన్ని గెలిచారో చూస్తారు. అక్కడా తేలకపోతే ఆ ఉమ్మడి ప్రత్యర్థులనే పట్టికలో పైనుంచి కిందికి ఒక్కొక్కరిగా తీసుకుంటారు. ఆ తర్వాత కాన్ఫరెన్స్‌లో తమతో ఆడినవాళ్లందరి మొత్తం గెలుపు శాతం. చిట్టచివర్న నాణెం ఎగరేయడం.

అరిజోనా స్టేట్, అయోవా స్టేట్ ఫైనల్‌కి వెళ్లాయి, అరిజోనా స్టేట్ 45-19తో గెలిచి ప్లేఆఫ్‌లో నాలుగో సీడ్ అయింది. కొలరాడో ఆటలు మాత్రమే చూసిన అభిమానికి తన టీమ్ ఎందుకు ఆగిపోయిందో ఈ లెక్క లేకుండా ఎవరు చెప్పగలరు? నవంబర్ వచ్చిందంటే మన ఆట సగం మన మైదానంలోనే జరగదు.

మేరీవిల్‌చలి:

మీరంతా టీవీలో కనిపించే టీమ్‌ల గురించే వాదిస్తున్నారు. తెలుగు విద్యార్థులు ఎక్కువగా చేరే యూనివర్సిటీల సంగతి చూడండి. డాలస్ యూటీడీకి ఫుట్‌బాల్ టీమే లేదు. ఆర్లింగ్టన్ యూటీఏ 1985 సీజన్‌తో ఎత్తేసింది. మిస్సోరీలో మేరీవిల్ అనే చిన్న ఊళ్లో ఉన్న నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్‌కి మాత్రం ఇంకా కింది స్థాయి అయిన డివిజన్ 2లో ఆరు జాతీయ టైటిల్స్ ఉన్నాయి: 1998, 1999, 2009, 2013, 2015, 2016. అక్కడ మాస్టర్స్ చేసి వచ్చిన మనవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

జాతీయ ఛానెళ్లు ఇలాంటి టీమ్‌ల ఊసే ఎత్తవు. ఎవరికి గాయమైంది, ఈ వారం క్వార్టర్‌బ్యాక్ ఎవరు, కిక్కర్ 40 గజాల అవతలనుంచి నమ్మదగినవాడేనా, ఇవన్నీ గుర్తుపెట్టుకునేది ఆ టీమ్ అభిమానులే. వాళ్లు కూడా అలబామా గురించి, జార్జియా గురించి మాట్లాడుతూ కూర్చుంటే ఆ టీమ్ చరిత్రకి దిక్కెవరు? పెద్ద టీమ్‌ల మీద మాట్లాడటానికి లక్షమంది ఉన్నారు. చిన్న టీమ్ అభిమాని తన టీమ్‌ని తప్ప ఇంకెవరినీ పట్టించుకోకపోతే నేనైతే తప్పుపట్టను.

కొత్తసీజన్:

నాలుగోడౌన్ అన్నా, మీ మాట ఒప్పుకుంటే మరి 136 టీమ్‌లు ఎలా చూడాలి? ఉద్యోగం, పిల్లలు అన్నీ ఉన్నవాళ్లకి వారానికి గంట దొరికితే గొప్ప.

నాలుగోడౌన్:

గంట చాలండి, ఏ గంట అన్నదే ముఖ్యం.

ముందు వచ్చే వారం ప్రత్యర్థి ఆడిన చివరి రెండు ఆటలు తీసుకోండి. మొత్తం చూడక్కర్లేదు. మొదటి రెండు డ్రైవ్‌లు (బంతి చేతికొచ్చినప్పటినుంచి పోయేదాకా చేసే దాడి) చూడండి, చాలా టీమ్‌లు తొలి 15 ప్లేలని ముందే రాసుకుని వస్తాయి కాబట్టి కోచ్ ఉద్దేశం అక్కడే బయటపడుతుంది. తర్వాత మూడో డౌన్లు (పది గజాలు ముందుకెళ్లడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), గోల్‌లైన్‌కి 20 గజాల లోపల ఆడినవి చూడండి. ప్లే-బై-ప్లే పట్టికతో సక్సెస్ రేట్ మీరే వేసుకోవచ్చు: మొదటి డౌన్‌లో కావాల్సిన దూరంలో సగం, రెండో డౌన్‌లో 70 శాతం, మూడు, నాలుగు డౌన్లలో పూర్తి దూరం వస్తే ఆ ప్లే గెలిచినట్టు. రెండో డౌన్‌లో 8 గజాలు కావాలంటే 6 వస్తే గెలుపు, 5 వస్తే కాదు.

బాక్స్ స్కోర్ (ఆట గణాంకాల పట్టిక) చూసి మోసపోయేది ఒకచోట ఉంది. కాలేజ్‌లో క్వార్టర్‌బ్యాక్ శాక్ అయితే (బంతి విసిరేలోపే వెనకే పడగొడితే) ఆ నష్టాన్ని పరుగుల ఖాతాలో తీసేస్తారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాసింగ్‌లో తీసేస్తారు. ఒక టీమ్ 30 సార్లు బంతితో పరిగెత్తి 150 గజాలు తెచ్చింది, ఐదు శాక్‌లలో 35 గజాలు పోగొట్టుకుంది అనుకోండి. కాగితం మీద 35 పరుగులు, 115 గజాలు అని పడుతుంది. సగటు 5 కాస్తా 3.3 అవుతుంది. అది చూసి "వీళ్లకి పరుగు రాదు" అనుకుంటే వచ్చే శనివారం తెలిసొస్తుంది.

ఏ ఆట ఎంచుకోకూడదో కూడా చెబుతాను. మూడో క్వార్టర్‌కే 30 పాయింట్ల తేడా వచ్చాక ఆడింది వద్దు, అప్పటికి రెండో వరస ఆటగాళ్లు దిగి ఉంటారు. సైనిక అకాడమీల టీమ్‌లు ఆర్మీ, నేవీలతో ఆడిన ఆట వద్దు. బంతి ఎవరికివ్వాలో క్వార్టర్‌బ్యాక్ ఆఖరి క్షణంలో తేల్చుకునే వాళ్ల ఆప్షన్ దాడిని ఆపడానికి డిఫెన్స్ ఆ ఒక్క వారానికి వేరే రూపం తీసుకుంటుంది, మీ టీమ్ ముందు అది కనబడదు. వేరే క్వార్టర్‌బ్యాక్ ఆడిన ఆటా వద్దు.

స్కార్లెట్‌గ్రే:

ఇదంతా ఉపయోగపడేదే, కాదనను. కానీ గమనించారా, మీరు చెప్పిన గంట కూడా నా టీమ్ వచ్చే వారం ఎవరితో ఆడుతుందో ఆ ఒక్కరి గురించే. 136 గురించి కాదు. ప్రత్యర్థిని చదవడం సొంత టీమ్‌ని చూడటంలో భాగమే. నాకు పడనిది ర్యాంకుల వాదన. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13-0తో తన కాన్ఫరెన్స్ ఏసీసీని గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ గాయపడ్డాడని ప్లేఆఫ్ టీమ్‌లని ఎంచే కమిటీ వాళ్లని పక్కన పెట్టి, 12-1తో ఉన్న టెక్సస్‌నీ అలబామానీ తీసుకుంది. ఆ అభిమానులు ఆ సీజన్‌లో దేశంలోని ప్రతి ఆటా చూసి ఉన్నా ఏం మారేది?

టెంపే_ఎండ:

నిర్ణయం మారదు. అది ఎందుకు అలా వచ్చిందో తెలుస్తుంది. అప్పుడు కమిటీలో 13 మంది. ఏ టీమ్‌తోనైనా సంబంధం ఉన్న సభ్యుడు ఆ టీమ్ గురించి చర్చ జరిగేటప్పుడు గదిలోంచి బయటికి వెళ్లాలని నియమం ఉండేది. వాళ్ల ముందుండేవి ఎదుర్కొన్న ప్రత్యర్థుల బలం, ముఖాముఖి ఫలితం, ఉమ్మడి ప్రత్యర్థులు, కాన్ఫరెన్స్ టైటిల్, కీలక ఆటగాళ్ల అందుబాటు. వీటిలో దేనికీ ఒక్క టీమ్‌నే చూస్తే జవాబు దొరకదు. 2025లో మయామీ, నోటర్‌డేమ్ రెండూ 10-2. ఆగస్టు 31న మయామీ 27-24తో నోటర్‌డేమ్‌ని ఓడించి ఉంది. కమిటీ ప్రకటించిన ర్యాంకుల్లో అప్పటిదాకా నోటర్‌డేమ్ కిందే ఉన్న మయామీ ఆఖరి వారం పైకెళ్లి ప్లేఆఫ్‌లో చేరింది, నోటర్‌డేమ్ ఆగిపోయింది. ఆ చివరి వారం ఇద్దరూ ఆడనేలేదు. మధ్యలో ఉన్న బీవైయూ టెక్సస్ టెక్ చేతిలో ఓడి కిందికి దిగడంతో ఈ రెండూ పక్కపక్కకి వచ్చాయి, అప్పుడు ముఖాముఖి ఫలితం లెక్కలోకి వచ్చింది.

మేరీవిల్‌చలి:

ప్లేఆఫ్‌కి 12 టీమ్‌లే వెళ్తాయి. మిగతా 124 టీమ్‌ల అభిమానులు ఈ లెక్కలతో ఏం చేసుకోవాలి? నాలుగు గెలిచి ఎనిమిది ఓడిన టీమ్‌కి కావాల్సింది వచ్చే ఏడాది లైన్‌లో ఎవరు మిగులుతారన్నది.

నాలుగోడౌన్:

దానికీ బయటికే చూడాలండి. ఆటగాళ్లు టీమ్ మారడానికి పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఇప్పుడు ఏడాదికి ఒక్కసారే, 2026లో జనవరి 2 నుంచి 16 దాకా. ఆ రెండు వారాల్లో పెద్ద టీమ్‌లో ఎవరు ఖాళీ అయ్యారో చూస్తే మీ లైన్‌మన్‌ని ఎవరు ఎత్తుకెళ్తారో ముందే ఊహించొచ్చు. కామ్ వార్డ్ మొదట ఇన్‌కార్నేట్ వర్డ్ అనే కింది స్థాయి టీమ్ ఆటగాడు. అక్కడినుంచి వాషింగ్టన్ స్టేట్, తర్వాత మయామీ, 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్. ఇన్‌కార్నేట్ వర్డ్ అభిమానికి అతని ఆట ఏ రోజుతో ముగిసినట్టు?

మేరీవిల్‌చలి:

వెళ్లిపోయిన రోజుతోనే. ఆ మర్నాటినుంచి అతని స్థానంలో ఎవరు దిగుతున్నారన్నదే ఆ అభిమానికి కావాల్సింది. మయామీలో అతను ఎన్ని టచ్‌డౌన్లు వేసినా వీళ్ల మూడో డౌన్ గట్టెక్కదు కదండీ.