రాళ్ల సందులో దాక్కునే డామినో డాంసెల్ చేపను పట్టేదెట్లా?

కొర్లగుంట రీఫ్:
అందరికీ నమస్తే. తిరుపతిలో మాది నాలుగడుగుల రీఫ్ ట్యాంక్ (ఉప్పునీళ్లలో పగడాలు, చేపలు పెంచే అక్వేరియం), సుమారు 280 లీటర్లు. రెండేళ్ల కింద మొదలుపెట్టినప్పుడు, నీళ్లు సైకిల్ కావాలంటే, అంటే చేపల వ్యర్థాలను అరాయించే బ్యాక్టీరియా పెరగాలంటే, ఇది వేయండని షాపులో డామినో డాంసెల్ ఇచ్చారు. అప్పుడు బొటనవేలి గోరంత ఉండేది. నల్లటి ఒళ్లు, మూడు తెల్ల చుక్కలు, ముచ్చటపడి తెచ్చుకున్నా. ఇప్పుడు అరచేతిలో సగం ఉంది, ఎవరినీ బతకనివ్వడం లేదు. పోయిన నెల తెచ్చిన ఫైర్‌ఫిష్‌ను రెండు రోజులు మూలమూలకూ తరిమింది. మూడో రోజు పొద్దున అది ట్యాంక్ వెనక నేల మీద ఎండిపోయి కనిపించింది. మూత పక్కన రెండు వేళ్ల సందులోంచి దూకేసింది. ఆ రోజంతా మనసు బాగాలేదు.
వలతో మూడు సాయంత్రాలు ప్రయత్నించా. స్టూల్ జరిపిన చప్పుడుకే రాళ్ల కిందికి పోతుంది. రాళ్లన్నీ బయటికి తీసేయాలా?

తిలక్ రోడ్ ట్యాంక్:
రాళ్ల జోలికి పోవద్దు తమ్ముడూ. నేను పోయి నష్టపోయా. అడుగున పేరుకున్న మడ్డి ఒక్కసారిగా లేచి అమోనియా పెరిగింది, రెండు హామర్ కోరల్స్ (పగడాలు) పోయాయి. ఇంతా చేస్తే చేప ట్యాంక్‌లో లేదు. నేను బకెట్‌లో పెట్టిన రాయి బొరియలోనే కూర్చుని ఉంది.
వల కూడా ఇవాళే పక్కన పెట్టు. తరిమిన ప్రతిసారీ దాని భయం పెరుగుతుంది. వారం రోజులు ట్యాంక్‌లో చెయ్యి పెట్టకుండా మేత మాత్రం వెయ్యి.

చిత్తూరు ఉప్పునీళ్లు:
బ్రదర్, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ తీసుకోండి. మెడ భాగం కోసి, తిరగేసి లోపలికి దూర్చి, అంచులు గాలం దారంతో కుట్టండి. నీళ్లు ఆడేలా చుట్టూ చిల్లులు పెట్టి, లోపల ఒక చిన్న రాయి, ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవుల మేత) వేయండి. మా మేనమామ వాళ్లు చెరువులో పెట్టే వెదురు బుట్టకూ ఇదే పద్ధతి. లోపలికి దారి వెడల్పు, బయటికి ఇరుకు.

కొర్లగుంట రీఫ్:
పెట్టా అన్నా. పొద్దున చూస్తే క్లీనర్ ష్రింప్ లోపల కూర్చుని మైసిస్ అంతా తినేసింది. డామినో మూతి దగ్గరికొచ్చి చూసి వెళ్లిపోయింది.

మదనపల్లె మెరైన్:
సగం అరచేతి చేప బాటిల్ మూతిలోంచి ఎలా పడుతుంది తమ్ముడూ? ఆ మూతి రెండు సెంటీమీటర్ల పైచిలుకే. పెద్ద చేపకు అక్రిలిక్ పెట్టె చేయించుకో. ఒక పక్క పైకీ కిందికీ జారే తలుపు, దానికి గాలం దారం. నాలుగైదు రోజులు తలుపు ఎత్తి కట్టేసి ఉంచు, మేత పెట్టె లోపలే పెట్టు. దానికి అది ట్యాంక్‌లో ఇంకో రాయిలా అనిపించాలి. పట్టే రోజుకు ముందు ఒక పూట మేత మానేయి. దారం వేలికి చుట్టుకుని, ట్యాంక్‌కు దూరంగా, కదలకుండా కూర్చో. తోక కూడా లోపలికి వచ్చాకే వదలాలి. తొందరపడితే ఇంకో నెల దాని దగ్గరికి పోలేవు.

బైరాగిపట్టెడ:
గాలం సంగతి ఎవరూ చెప్పలేదు. ముల్లు లేని చిన్న హుక్‌కు మైసిస్ గుచ్చితే డాంసెల్ నిమిషంలో పడుతుంది.

మదనపల్లె మెరైన్:
పడుతుంది సార్, కాదనను. నోరు చీలితే ఆ తర్వాత అది తినదు. ఇంకొకరికి ఇవ్వాల్సిన చేపకు గాలం వేయడం నాకు ఇష్టం లేదు.

తిలక్ రోడ్ ట్యాంక్:
నాదీ అక్క మాటే. సగం నీళ్లు డ్రమ్ముల్లోకి తీసి పట్టేవాళ్లూ ఉన్నారు. కోరల్స్ నీళ్ల బయట పడతాయి, హీటర్ ఆపడం మరిచిపోతే పగులుతుంది. మన ఎండల్లో మధ్యలో కరెంట్ పోతే ఇక టెన్షనే.
సిక్స్‌లైన్ రాస్ అనే చేప అయితే రాత్రి పద్ధతి వేరు. అది జిగురు పొర అల్లుకుని సందులో నిద్రపోతుంది. లైట్లు ఆరిన రెండు గంటలకు ఎర్ర టార్చ్‌తో చూస్తే ఏ రాయిలో ఉందో తెలుస్తుంది. ఆ ఒక్క రాయీ ఎత్తితే చాలు. నాకు రెండుసార్లు పనిచేసింది.

కొర్లగుంట రీఫ్:
దొరికింది! పెట్టె పెట్టిన ఆరో రోజు. మొదటి రెండు రోజులు దగ్గరికే రాలేదు. మూడో రోజు క్లౌన్‌ఫిష్ లోపల తింటుంటే చూసి, తల పెట్టి ఒక ముక్క లాక్కుని పోయింది. నిన్న సాయంత్రం వేలికి దారం చుట్టుకుని నలభై నిమిషాలు కూర్చున్నా. నాలుగుసార్లు సగం దాకా వచ్చి వెనక్కి పోయింది. ఐదోసారి మైసిస్ ముక్క వెనక గోడకు అంటుకుంది. దానికోసం తోకతో సహా లోపలికి వెళ్లి అటు తిరిగింది. దారం వదిలేశా. చెయ్యి ఇంకా వణుకుతోంది.

మదనపల్లె మెరైన్:
చాలా సంతోషం తమ్ముడూ! పెట్టెలోంచి వలతో తీయకు, రెక్కల ముళ్లు వలకు చిక్కుకుంటాయి. పెట్టెను అలాగే నీళ్లతో బకెట్‌లో దించు.

చిత్తూరు ఉప్పునీళ్లు:
నా దగ్గర ఆరడుగుల ట్యాంక్ ఉంది బ్రదర్. అందులో ఉన్నవన్నీ దానికంటే పెద్దవి, ఇది వాటి జోలికి పోదు. ఆదివారం తెచ్చేయండి. నా నీళ్ల సాంద్రత 1.025, మీది ఎంతో చెప్తే దానికి తగ్గట్టు కలుపుకుందాం.

కొర్లగుంట రీఫ్:
నాదీ 1.025 అన్నా. ఆదివారం పొద్దున్నే బయల్దేరతా. ముందు ఆ మూత సందు జాలీతో మూసేస్తా, ఫైర్‌ఫిష్ తర్వాతే.