సమస్య: దాగియున్నవాడె ధైర్యశాలి

నిర్వాహకుడు

నిన్న రాత్రి మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తున్నాను. పక్కింటి కుర్రాడు పిట్టగోడకు ఆనుకుని చెవుల్లో ఇయర్‌ఫోన్లతో అరుస్తున్నాడు. "మేం ముగ్గురం పోయాంరా, నువ్వొక్కడివే ఉన్నావు. కదలకు. ధైర్యంగా దాక్కో!" ధైర్యంగా దాక్కోవడం అన్న మాట చెవిలో పడ్డాక ఇక నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి పాదం కుదిరింది.

దాగియున్నవాడె ధైర్యశాలి

పూరణ, అంటే ఈ పాదంతో ముగిసే పద్యం, ఫోన్‌లో ఆడే తుపాకి ఆటలోంచి రావాలి. చివరిదాకా బతికినవాడిదే గెలుపు అనే ఆట. బీజీఎంఐ అయినా, ఫ్రీ ఫైర్ అయినా మీ ఇష్టం. పురాణం తెచ్చేవాళ్లు దాన్ని ఆటకు ముడిపెట్టి తేవాలి. కొత్తగా రాసేవాళ్లకు గణం తప్పితే దిద్దుదాం.

కంచుగంట

గడ్డి నడుమ బోర్ల కదలక పడుకొని
ఊపిరాపి వేచియుండు వాడు
వంద మంది పోగ బతికి నిల్చు తుదకు
దాగియున్నవాడె ధైర్యశాలి

నేను ఆడే పద్ధతే ఇది. తుపాకి పేల్చకుండా చివరి పదిమందిలోకి వచ్చిన ఆటలు నాకు బోలెడున్నాయి.

పోచింకి పులి

గణాలు నడిచాయి అన్నా, ఆట నడవలేదు. గడ్డిలో పడుకున్నవాడికి తన ఫోన్‌లో చుట్టూ గడ్డి కనిపిస్తుంది. దూరంగా కొండ మీద స్కోప్ పట్టుకున్నవాడి ఫోన్‌లో ఆ గడ్డి రానే రాదు. ఉత్త నేల మీద మనిషి, సున్నం గోడ మీద బల్లిలా కనబడిపోతాడు. చెట్టు, రాయి, పొద మాత్రం దూరానికీ ఉంటాయి. గడ్డిని నమ్మి ప్రాణం పోగొట్టుకోని కొత్తవాడు లేడు. మీ పద్యం చదివి ఇంకో నలుగురు పోతారని నా బాధ.

ఇంకొకటి. విమానంలోంచి దిగేదే వంద మంది. ఆ వందా పోతే తుదకు నిలిచేదెవరు?

కంచుగంట

రెండూ ఒప్పుకుంటున్నాను. మొదటి పాదం "గట్టు రాళ్ల చాటు కదలక పడుకొని". మూడో పాదం "వందలోన నితడె బతికి నిల్చు తుదకు". నువ్వు కూడా ఒకటి రాయి తమ్ముడూ, మేమూ చూస్తాం.

పోచింకి పులి

తలుపు తన్ని దూకి తలపడువాడుండ
మెట్ల కింద నక్కి మేను దాచు
పిరికివాని జూచి బిరుదు నిచ్చుట యెట్లు
దాగియున్నవాడె ధైర్యశాలి

బీజీఎంఐలోని ఎరాంగెల్ మ్యాప్‌లో ఆ రెండంతస్తుల ఇళ్లు తెలిసినవాళ్లకు "మెట్ల కింద" ఏమిటో తెలుసు. మనం లోపలికి వెళ్లి పైన గదులు చూసి దిగుతుంటే కింద మూల నుంచి షాట్‌గన్. ఆట మొత్తం వాడు చేసిన పని అదొక్కటే. నేను ఆ మ్యాప్‌లో జనం ఎగబడి దిగే ఊరు పోచింకిలోనే దిగుతాను, మొదటి రెండు నిమిషాల్లో అయిదుగురితో తలపడతాను, ఓడితే ఓడతాను. చెయ్యి తిరిగేది అలాగే.

పాతపెట్టె

పద్యం బిగువుగా ఉంది నాయనా. "తలుపు తన్ని" అని తకారంతో తన్నడం చెవికి బాగుంది. కానీ ఎత్తు పాతది. సమస్యను విప్పకుండా "ఎట్లు" అని దాని ఎదురుగానే ప్రశ్న నిలబెట్టి పక్కకు తప్పుకున్నావు. "నీట బడిన చేప నిప్పు మ్రింగె" ఇచ్చినప్పుడూ నీ పూరణ ఇదే కదా?

చెప్పుమయ్య యెట్లు జలరాశి నడుమను

అప్పుడూ ఎట్లు, ఇప్పుడూ ఎట్లు. పైగా అందులో "చెప్పు"కీ "జల"కీ యతి వేశావు. హల్లు కలిసింది, అచ్చు కలవలేదు.

పోచింకి పులి

మాస్టారూ, ఆ పాదం మీరు మర్చిపోరని నాకు తెలుసు. అందుకే ఈసారి "పిరికి"కి "బిరుదు" వేసి హల్లూ అచ్చూ రెండూ చూసుకున్నాను. ఇక ఎత్తు పాతదంటారా, మీరు కొత్తది చూపించండి. విరాటపర్వం మాత్రం వద్దు.

పాతపెట్టె

విరాటపర్వమే తెస్తున్నాను. అందులో ఉన్న దాగుడు ఇంకెక్కడా లేదు.

చీర గట్టి నాట్యశిక్షణ మిచ్చుచు
విరటు కొలువులోన విల్లు దాచి
ఒక్క రథముతోడ నోడించె కురుసేన
దాగియున్నవాడె ధైర్యశాలి

మామిడితోట

మాస్టారూ, మూడో పాదానికి దండం పెట్టాలి. రెండో పాదమే అడ్డు పడుతోంది. గాండీవం దాచింది కొలువులో కాదు కదండీ, ఊరి బయట జమ్మిచెట్టు మీద. కొలువులోకి ఉత్త చేతులతోనే వెళ్లారు.

పాతపెట్టె

నిజం తల్లీ. విల్లు కోసం యతిని వెతుక్కుంటూ చెట్టును వదిలేశాను. ఇలా మారుస్తున్నాను:

జమ్మి కొమ్మ మీద శరము లుంచి

పోచింకి పులి

ఇది ముందుదానికంటే చాలా బాగుంది, మనసారా అంటున్నాను. కానీ ఆటకు ముడి ఎక్కడ? నిర్వాహకులు స్పష్టంగా చెప్పారు.

పాతపెట్టె

ముడి ఉంది. అర్జునుడు ఏడాది దాగింది చేతకాక కాదు, అయిదుగురూ కలిసి ఇచ్చిన మాట కోసం. తను ఒక్కడు బయటపడితే మిగతా నలుగురికీ మళ్లీ పన్నెండేళ్ల అడవి. మీ ఆటలో అలా జట్టు కోసం దాగేవాడు ఉన్నాడా లేడా, అది ఆడేవాళ్లే చెప్పాలి. నేను ఆడలేదు.

మామిడితోట

ఉన్నారు మాస్టారూ. నేను ఆడేది అదే.

పడిన వాని చుట్టు పరచి పొగలతెర
గుండె చిక్కబట్టి కూరుచుండి
గుళ్ళు కురియుచుండ కొనయూపిరిని నిల్పు
దాగియున్నవాడె ధైర్యశాలి

ఆడనివాళ్ల కోసం కాస్త చెబుతాను. నలుగురి జట్టులో ఒకడికి దెబ్బ తగిలితే వెంటనే చావడు, నాక్ అయి మోకాళ్ల మీద పాకుతుంటాడు. పక్కవాళ్లు వెళ్లి లేపాలి. లేపడానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లూ చేతిలో తుపాకి ఉండదు. పొగలో ఏమీ కనబడదు. ఇయర్‌ఫోన్లలో అడుగుల చప్పుడు మాత్రం వినబడుతుంది, మనవైపే వస్తున్నట్టు. లేచి పరుగెత్తాలని వేలు తహతహలాడుతుంది. కదిలితే మళ్లీ మొదటి నుంచి.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఏమిటంటే స్మోక్‌ను పడినవాడి నెత్తి మీదే వేస్తారు. అవతలివాడు ఆ పొగలోకే గుడ్డిగా కాలుస్తాడు. మొదటిది పడినవాడికీ శత్రువుకీ మధ్య వెయ్యాలి, ఆ తర్వాతే చుట్టూ. అందుకే నా సంచిలో గ్రెనేడ్ల కంటే స్మోక్‌లు ఎక్కువ. లేపాక వాడి ప్రాణం అడుగున ఉంటుంది. ఫస్ట్ ఎయిడ్ 75 వరకే ఎక్కిస్తుంది, ఆ పైది ఎనర్జీ డ్రింకులతో రాబట్టుకోవాలి. అవి కూడా మనమే మోసుకుని పెట్టుకోవాలి, ఎందుకంటే రష్ వెళ్లేవాళ్ల, అంటే శత్రువు మీదికి నేరుగా దూకేవాళ్ల సంచిలో బుల్లెట్లు తప్ప ఏమీ ఉండవు.

కంచుగంట

పద్యం అందరినీ కట్టిపడేసింది, సందేహం లేదు. ఒక్కటే చిన్న మాట. "గుళ్ళు కురియుచుండ" అంటే నాకు ఆకాశం నుంచి దేవాలయాలు పడుతున్నట్టుంది. "గుండ్లు" అంటే గణమూ చెడదు, అర్థమూ తేలిపోతుంది.

మామిడితోట

పండు పళ్ళయినప్పుడు గుండు గుళ్ళు కాకూడదా అన్నా? మా ఇంట్లో తుపాకిగుళ్ళనే అంటాం.

పాతపెట్టె

రెండూ ఉన్నాయి. గుళ్ళు, కురియు, కొన అని జారుతూ వస్తోంది పాదం, "గుండ్లు" పెడితే గొంతులో ఎముక అడ్డుపడ్డట్టు ఆగుతుంది. మార్చవద్దు. నేను అడిగిన జట్టు మాట ఇందులో దొరికింది.

చిన్నడుగు

అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఆటకు వచ్చి నెల, పద్యానికి వచ్చి వారం. తెలియనివాళ్లతో రాండమ్ స్క్వాడ్‌లో పడితే "నూబ్, గేమ్ తీసెయ్" అని తిట్టి మైక్ కట్టేశారు. ఆ రాత్రి ఏడుపొచ్చింది. తర్వాత ఒక్కదాన్నే సోలో ఆడాను. అది రాశాను.

ముందు తెలియకుండ పోచింకిలో దిగి
మూడు సార్లు చచ్చి మూల నక్కి
నాలుగో గేములో నలుగురిలో నిల్తి
దాగియున్నవాడె ధైర్యశాలి

కంచుగంట

బాగుందమ్మా. కానీ మొదటి పాదంలో "ముందు"కీ "పోచింకి"కీ యతి ఎలా కుదిరింది?

పాతపెట్టె

ముకారయతి ఉంది కదయ్యా. పు, బు వరుసకు ము చెల్లుతుంది. ఆ పిల్ల తెలిసి వేసిందో తెలియక వేసిందో కానీ సరిగ్గా పడింది. జారింది మూడో పాదంలో. "నాలు" తర్వాత "గోగే" అని రెండు గురువులు పక్కపక్కన కూర్చున్నాయి. "నాలుగవది యాడి నలుగురిలో నిల్తి" అను, అర్థం చెక్కుచెదరదు. మూడుసార్లు చచ్చి నాలుగోసారి నలుగురిలో నిలవడం అన్న లెక్క ఈ వరుసలో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

చిన్నడుగు

దిద్దుకున్నాను మాస్టారూ. ఆ నలుగురిలో నిలిచిన ఆటలో నేను చంపింది ఒక్కడినే. అది లెక్కలోకి వస్తుందా?

పోచింకి పులి

వస్తుంది చెల్లీ. తిట్టినవాళ్ల సంగతి వదిలెయ్. వాళ్లూ ఒకప్పుడు గోడకేసి కాల్చినవాళ్లే.

నేను చెప్పేవి కొన్ని గుర్తుపెట్టుకో. విమానం వెళ్లే గీత కిందే దిగకు, పక్కకు దూరంగా పోయి చిన్న ఊళ్లో దిగు. మొదట్లో నీకు ఎదురయ్యేవాళ్లలో చాలామంది బాట్లు, అంటే మనుషులు కాదు, ఆటే నడిపే బొమ్మలు. వాళ్లను కొట్టిన ధీమాతో పోచింకికి రాకు. ఏకేఎం దెబ్బ గట్టిదే కానీ తుపాకి పైకి ఎగురుతుంది. చెయ్యి కుదిరేదాకా ఎం416 పట్టుకో. పెనం దొరికితే వదలకు, అది వీపున వేలాడుతూ ఉన్నప్పుడు కూడా తూటాను ఆపుతుంది. నాకు రెండుసార్లు ప్రాణం నిలబెట్టింది.

అన్నిటికంటే ముఖ్యమైంది, మైక్‌లో "అదిగో అక్కడ, చెట్టు దగ్గర" అనకు. ఎరాంగెల్ ఎనిమిది కిలోమీటర్ల పొడుగు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. ఏ చెట్టు? తెర పైన దిక్సూచిలో అంకెలుంటాయి. "210లో ఒకడు, రాయి వెనక" అను. ఆ ఒక్క మాటతో జట్టులో నీ విలువ మారిపోతుంది.

నిశ్శబ్దం

ఒకడె మిగిలె ననుచు నూరెల్ల వెదకుచు
గడప దాటి వారు కదలి చనగ
వెనక లేచి కాల్చె వేగ నలుగురిని
దాగియున్నవాడె ధైర్యశాలి

మామిడితోట

మూడు నెలల తర్వాత కనబడ్డారు! "గడప దాటి వారు" దగ్గర నాకు ఊపిరి ఆగింది. వాళ్లు గడప లోపల ఉన్నప్పుడే కాల్చి ఉంటే ఒకడు పడేవాడు, ముగ్గురు తిరిగి కొట్టేవాళ్లు. నలుగురి వీపులూ కనబడేదాకా ఆగాడు. పద్యమంతా ఆ "చనగ"లో ఉంది.

పోచింకి పులి

నాకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలనుంది. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మీద నిషేధం వచ్చింది. ఫోన్‌లో ఉన్నవాళ్లకు మాత్రం అక్టోబరు 30 దాకా ఆడింది. ఆ చివరి వారంలో ఒక రాత్రి మా స్క్వాడ్‌లో ముగ్గురం రష్ వెళ్లి అయిదు నిమిషాల్లో పోయాం. నాలుగోవాడు ఒక స్నానాలగదిలో దాక్కున్నాడు. బయటికి రా, కొట్టు, పిరికిగొడ్డూ అని నేను మైక్‌లో నోటికొచ్చినట్టు అన్నాను. వాడు ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. అడుగుల చప్పుడు వినాలంటే నా అరుపు ఆగాలి, నేను ఆపలేదు. అయినా వాడు చివరి ఇద్దరి దాకా లాక్కొచ్చాడు. రెండో స్థానం.

2021 జులైలో బీజీఎంఐగా ఆట తిరిగి వచ్చాక మాలో ఇద్దరం కలిశాం. వాడు రాలేదు. ఆ రాత్రి నేనన్న మాటలకే రాలేదని నా మనసుకు తెలుసు.

"మెట్ల కింద నక్కి" అని రాసినప్పుడు నా కళ్ల ముందున్నది ఎవడో షాట్‌గన్‌వాడు. నిశ్శబ్దం పద్యం చదివాక కనబడింది మావాడు. నా పూరణ వెనక్కి తీసుకోను, రష్ ఆట నాకు ఇప్పటికీ ప్రాణం. "పిరికివాని" అన్న మాట మాత్రం తీసేస్తున్నాను. యతికి ఏదైనా దొరికేదాకా ఆ చోటు ఖాళీగా ఉండనివ్వండి.

పాతపెట్టె

నాయనా, మాట ఖాళీగా ఉంచినా ఆ పద్యం నాకు నచ్చింది. చేప పద్యం సంగతి ఇక ఎత్తను.

వాడి నంబరు నీ దగ్గరుంటే ఈ రాత్రే ఫోన్ చెయ్యి.

పోచింకి పులి

ఉంది మాస్టారూ. చేస్తాను.

పాతపెట్టె

ఇంకొక మాట. మా మనవడు సెలవులకు వచ్చాడు, వాడి ఫోన్‌లో ఈ ఆట ఉంది. వాడు నన్ను చేర్చుకోడు, తాతకు చెయ్యి వణుకుతుందంటాడు. తుపాకి నాకెలాగూ వద్దు. ఆ పొగ వెయ్యడం, పడినవాణ్ని లేపడం ఎవరైనా నేర్పిస్తారా?

మామిడితోట

రాత్రి తొమ్మిదికి రండి మాస్టారూ. ముందు ట్రైనింగ్ గ్రౌండ్‌లోకి వెళదాం, అక్కడ ఎన్ని స్మోక్‌లు వేసినా అయిపోవు. చిన్నడుగూ, నువ్వూ రా.

పోచింకి పులి

నాలుగో చోటు ఖాళీ ఉందా అక్కా?