ఘాట్ రోడ్డులో రాతి అతుకు: సిమెంటు కొట్టి కప్పెయ్యొచ్చా?

అలిపిరి_గాలి: తిరుమల ఘాట్‌లో కింది గ్రానైట్, పై క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడిన రాయి) కలిసే గీత ఉంది కదా, దాన్నే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, అంటే మధ్యలో కోట్ల ఏళ్ల ఖాళీ ఉన్న రాతి అతుకు. జీఎస్‌ఐ (భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ) దాన్ని జాతీయ భూవారసత్వ స్థలాల్లో చేర్చింది. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్‌లో బండలు పడ్డప్పటి నుంచి, కొండ కోసిన చోటల్లా షాట్‌క్రీట్ (గొట్టంతో జోరుగా చిమ్మే సిమెంటు పూత) కొట్టెయ్యమనే వాళ్లు చాలామంది ఉన్నారు. ఆ గీత కనబడే చోట కూడా కొట్టొచ్చా? తెలిసిన వాళ్లు చెప్పండి.

కోత_గోడ: కొట్టాల్సిందే. 1944 నాటి మొదటి ఘాట్ దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి. ఒకటి మూస్తే రెండు వైపుల బండ్లూ ఇంకోదాంట్లోనే పోవాల. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అప్పుడూ భక్తులు తగ్గరు. నిండు బస్సు మీద ఒక్క బండ పడితే ఏం సమాధానం చెప్తాం? రాతిగీత ఫొటోలో చూసుకోవచ్చు.

పలుగురాయి: అన్నా, ప్రాణం ముందే, అందులో వాదన లేదు. కానీ ఈ కొండకు షాట్‌క్రీట్ సరైన మందు కాదు. రాయిని దగ్గరగా చూడండి. కింద గ్రానైట్‌కు పొరలుండవు, పగుళ్లు అడ్డదిడ్డంగా పోతాయి. పైన క్వార్ట్‌జైట్ మాత్రం పలకలు పేర్చినట్టు అడ్డపొరలు, వాటిని కోస్తూ నిలువు పగుళ్లు. రెండూ కలిసి రాయిని పెట్టెల్లాగా విడగొడతాయి. వాన నీళ్లు నిలువు పగుళ్లలో దిగి సందుల్లోని మట్టిని కడిగేస్తాయి, చెట్ల వేళ్లు సందును పెద్దది చేస్తాయి. ఆసరా పోయిన పెట్టె జారుతుంది.

ఇక బరువు. ఘనమీటరు క్వార్ట్‌జైట్ సుమారు 2.6 టన్నులు. 2 మీటర్ల పొడవు, 2 వెడల్పు, ఒకటిన్నర మందం ఉన్న బండ 15 టన్నులు దాటుతుంది. పది సెంటీమీటర్ల సిమెంటు పూత దాన్ని ఆపదు. షాట్‌క్రీట్ పొడిపొడిగా రాలే మెత్తటి రాయికి పనికొస్తుంది. ఇక్కడ ఒట్టి పూత పూస్తే ఇంకో ముప్పు: నీళ్లు బయటికొచ్చే దారి మూసుకుపోయి వెనక ఒత్తిడి పెరుగుతుంది, పూతతో సహా ఊడొస్తుంది. పైగా పగులు వెడల్పవుతున్నదో లేదో కంటికి కనపడదు.

చెయ్యాల్సిన పని వేరే. ఎండాకాలంలోనే వదులుగా ఉన్న బండల్ని గడ్డపారలతో పైనుంచి కిందికి రాల్చాలి, కింది నుంచి మొదలుపెడితే పనివాళ్ల మీదే పడతాయి. పెద్ద పెట్టెలకు రాక్ బోల్టులు: పగులు దాటి గట్టి రాతిలోకి రంధ్రం, ఉక్కు కడ్డీ, చుట్టూ గ్రౌటు (పల్చటి సిమెంటు ముద్ద), పైన పలక, నట్టు. నీళ్లకు రంధ్రాలు లోపలికి పోయేకొద్దీ కాస్త పైకి ఉండాలి, అప్పుడే నీళ్లు బయటికి కారతాయి. చిన్న రాళ్లకు ఉక్కు వల, రోడ్డు పక్కన రాళ్లు పడే కాలవ. బోల్టులు గీతకు పైన క్వార్ట్‌జైట్‌లోనే పడతాయి కాబట్టి గీత తెరిచే ఉంటుంది.

కోత_గోడ: బరువు లెక్క ఒప్పుకుంటా. అయితే వల వేసి వదిలేస్తే కుదరదు. రాళ్లు అడుగున పోగై వల ఉబ్బుతుంది, తీగ తుప్పు పడుతుంది, కాలవ రెండు వానలకే నిండిపోతుంది. ఏటా సెప్టెంబరు లోపల వల, కాలవ ఖాళీ చేసి నట్లు చూసే మనుషులుంటేనే మీ మాట నిలబడుతుంది. ఆ ఖర్చు ఒక్కసారితో తీరేది కాదు, రోడ్డున్నంత కాలం.

మెట్లదారి: మీరిద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. మన దగ్గర్లోని పాత గుడి, గుడిమల్లం శివాలయానికి పురావస్తు చట్టం కాపలా ఉంది: చుట్టూ 100 మీటర్లు కట్టడాలు నిషేధం, ఆ తరవాత ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. చంద్రగిరి కోటకూ అంతే. ఈ గీతకు జీఎస్‌ఐ గుర్తింపే తప్ప అట్లాంటి చట్టం లేదు. అందుకే పూత పూసేస్తారేమోనన్న భయం ఊరికే పుట్టింది కాదు.

గీత విలువ కూడా చెప్పుకోవాలి. కింది రాయి 250 కోట్ల ఏళ్ల నాటిది, పైది 160 కోట్లు. మధ్యలో 80 కోట్ల ఏళ్లకు పైబడిన లెక్క రాతిలో లేదు, కొండ అరిగిపోయిన కాలం అది. పైన శిలాతోరణం, 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, ఈ పై రాయిలోనే చెక్కుకున్నది. దాని చుట్టూ కంచె వేసి జనాన్ని దూరం పెట్టారు, అది మంచి పనే.

కానీ రోడ్డు మీద ఆగి చూసే చోటు మాత్రం వద్దే వద్దు. మలుపు దగ్గర కారు ఆగితే వెనకొచ్చే బస్సుకు బ్రేకు పడాలి. అలిపిరి దగ్గర గ్రానైట్ మీద మొదలుపెట్టి 3,550 మెట్లెక్కి క్వార్ట్‌జైట్ మీదికి చేరతాం, నడిచేవాళ్లు అతుకు దాటక తప్పదు. బోర్డు పెడితే ఆ మెట్ల దారిలో, తెలుగులో పెట్టాలి.

పలుగురాయి: మెట్ల దారి మాట బాగుంది. కోత_గోడ అన్న చెప్పిన ఏటేటి తనిఖీ కూడా టెండరులోనే రాయించాలి. నా వైపు నుంచి ఇంకొకటి: ఏ పనైనా మొదలుపెట్టక ముందే గీతకు పైన 2, కింద 2 మీటర్లు రంగుతో హద్దు గీసి, అందులో డ్రిల్లు, సిమెంటు రెండూ కూడదని కాంట్రాక్టులో పెట్టాలి. తప్పనిసరై ఆ పట్టీలో బోల్టు కొట్టాల్సొస్తే, ముందు కొలత కర్ర ఆనించి ఫొటో తీసి, జీఎస్‌ఐ మనిషి దగ్గరుండి చూసిన తరవాతే.